కొండపల్లి ఖిల్లాకి నడిచి వెళ్ళాలంటే: బెజవాడ సింగ్‌నగర్ నుంచి అడిగినవారికి

దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ కొండపల్లి కొండ ఎక్కాలనుకుంటున్నామని రాశారు. పన్నెండేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు, మీరిద్దరూ. నడిచి ఎక్కగలమా, ఏ దారి మంచిది, పైన చూడటానికి ఏమైనా ఉందా, చుట్టూ ఉన్న అడవిలోకి కూడా వెళ్ళొచ్చా అని అడిగారు. వెళ్ళొచ్చిన బంధువులు "పాడుబడ్డ గోడలు తప్ప ఏమీ లేవు, కారులో వెళ్ళి గంటలో వచ్చేయండి" అన్నారట. ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం. చిన్నప్పటి నుంచీ ఆ కొండల్లో తిరుగుతున్నవాణ్ణి, కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకెళ్తుంటాను కూడా. కారులో వెళ్ళి గంటలో వచ్చేసేవాళ్ళకి గోడలే కనిపిస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు: మీరు నలుగురూ ఎక్కగలరు. నాన్నగారిని మాత్రం నడిపించొద్దు. కొండపల్లి ఊళ్ళోంచి ఖిల్లాకి పాత కాలిబాట ఒకటుంది. అది దాదాపు మైలు దూరం, నిటారుగా ఎక్కుతుంది. ఇది కాక వాహనాలు వెళ్ళే ఘాట్ రోడ్డు ఉంది. అది అడవిలోంచి చుట్టూ తిరిగి కోట దాకా వెళ్తుంది. మీలో ఒకరు నాన్నగారిని కారులో ఘాట్ రోడ్డు మీదుగా తీసుకెళ్ళండి, మిగతా ముగ్గురూ కాలిబాట పట్టండి. పైన కలుసుకుని, దిగేటప్పుడు అందరూ కారులో దిగండి. మోకాళ్ళని దెబ్బతీసేది ఎక్కడం కంటే దిగడమే. అరిగిన రాళ్ళ మీద, అందులోనూ వాన పడి నాచు పట్టిన రాళ్ళ మీద, అలసిన కాళ్ళతో దిగుతున్నప్పుడే పిల్లలు జారుతారు. ఎక్కడానికి పిల్లలతో గంట, గంటన్నర పెట్టుకోండి. బాబు మొదటి పది నిమిషాలు పరిగెడతాడు, తర్వాత కూలబడతాడు. మొదటి నుంచే నెమ్మదిగా నడిపించండి, మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగం చాలు. ఎవరికైనా మాట తడబడుతూ ఆయాసం వస్తోందంటే అక్కడే నీడ చూసుకుని కూర్చోండి.

అనుమానంగా ఉంటే వారం ముందు మీ ఊళ్ళోనే ఒక పరీక్ష పెట్టుకోండి. గాంధీ కొండ ఉంది కదా, సుమారు 500 అడుగుల ఎత్తు. 1968లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ప్రారంభించిన గాంధీ స్మారక స్తూపం దాని మీదే ఉంది. లేదా మంగళగిరిలో పానకాల స్వామి మెట్లు ఎక్కండి. అవి దిగాక మర్నాడు కాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుంటే మీకే తెలిసిపోతుంది.

దారి గురించి. బెజవాడ నుంచి హైదరాబాద్ హైవే పట్టుకుని గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర కుడివైపు మైలవరం రోడ్డులోకి తిరిగితే కొండపల్లి వచ్చేస్తుంది. ఊళ్ళో ఎవరినడిగినా "ఖిల్లా దారి" అనే అడగండి, కోట అంటే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. కాజీపేట లైన్‌లో కొండపల్లికి రైల్వే స్టేషన్ ఉంది, కొన్ని పాసింజర్ బళ్ళు ఆగుతాయి. పెద్దవాళ్ళు లేనప్పుడు రైల్లో వెళ్ళి స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోవడం చాలా బాగుంటుంది. మీరు మాత్రం ఈసారి కారులోనే వెళ్ళండి. కోట రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉంది, టికెట్ తీసుకోవాలి. తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజే కనుక్కోండి. కాలిబాటలో చల్లపూట ఎక్కేసి, గేటు తెరిచే వేళకి పైకి చేరేలా చూసుకోవడం మంచి పద్ధతి.

దసరా సమయం బాగానే ఎంచుకున్నారు. వానలు పూర్తిగా పోవు కానీ, కొండ ఏడాది మొత్తంలో అందంగా ఉండేది అప్పుడే. నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి దాకా నడకకి ఇంకా సుఖం. మార్చి తర్వాత వద్దు. ఇది ఆకు రాల్చే అడవి. ఎండాకాలం వచ్చేసరికి చెట్లన్నీ మోడులైపోతాయి, నీడ ఉండదు, రాయి కాలిపోతుంది. బెజవాడ ఎండ మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల్ని ఆ కొండ ఎక్కిస్తానంటే నేను ఒప్పుకోను, ఎంత పొద్దున్నే బయల్దేరినా సరే. దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది.

ఇక మీ మూడో ప్రశ్న, పైన ఏముందన్నది. దీనికి జవాబు కోటతో మొదలుపెట్టను. మీరు సింగ్‌నగర్‌లో ఉంటున్నారు కాబట్టి నీళ్ళతో మొదలుపెడతాను.

2024 సెప్టెంబర్ 1న మీ వీధుల్లోకి వచ్చిన నీళ్ళు ఎక్కడివో మీకు తెలుసు: బుడమేరువి. ఆ బుడమేరు పుట్టేది మైలవరం, కొండపల్లి కొండల్లోనే. మీరు ఎక్కబోయే కొండ ఆ వరసలో ఒక భాగం. ఈ కొండలకి దక్షిణాన కృష్ణ ఉంది, ఈశాన్యం వైపు బుడమేరు ఉంది. ఒక వాలు మీద పడ్డ వాన కృష్ణలో కలుస్తుంది, మరో వాలు మీద పడ్డది చిన్న చిన్న వాగులుగా దిగి బుడమేరులో చేరుతుంది. బుడమేరు జి.కొండూరు మండలంలోని వెలగలేరు మీదుగా, మీ సింగ్‌నగర్ పక్కగా ప్రవహించి కొల్లేరులో కలుస్తుంది, కొల్లేరు నుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. మామూలు రోజుల్లో దాన్ని మురుక్కాలవ అనుకుని ముక్కు మూసుకుని వంతెన దాటేస్తాం. అది ఒక ఏరు అన్న సంగతి ఊరు మర్చిపోయింది. 2005లో ఒకసారి గుర్తుచేసింది, 2024లో మళ్ళీ గుర్తుచేసింది.

పైకి ఎక్కాక పిల్లలకి చూపించాల్సిన మొదటి విషయం ఇదే. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్లు) కట్టి, బుడమేరు వరద ఊరి మీదకి పోకుండా డైవర్షన్ కాలువ తవ్వి కృష్ణలోకి మళ్ళించారు. ఆ కాలువ కొండపల్లి పక్కగా వెళ్ళి, థర్మల్ పవర్ స్టేషన్‌ని దాటుకుని, ప్రకాశం బ్యారేజీకి ఎగువన నదిలో కలుస్తుంది. పోలవరం కుడి కాలువ గుండా వచ్చే గోదావరి నీళ్ళు కూడా ఇదే కాలువలోంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడతాయి. ఆ చోటునే పవిత్ర సంగమం అంటున్నాం. థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి చూపు నది వైపు నడిపిస్తే కాలువ ఎటు పోతుందో పట్టుకోవచ్చు. నది అవతల అమరావతి ప్రాంతం.

2024లో ఏం జరిగిందో కింద నిలబడితే అర్థం కాదు. కొండల్లో కుండపోత కురిసింది, వాగులన్నీ ఒకేసారి దిగాయి. డైవర్షన్ కాలువకి ఎడమ గట్టున మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణకి ప్రకాశం బ్యారేజీ చరిత్రలో లేనంత వరద వచ్చింది, అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు కాలువ నీళ్ళు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. గండ్లలోంచి వచ్చిన నీళ్ళు, ఏట్లోనే వచ్చిన నీళ్ళు కలిసి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీల్లోకి చేరాయి. సైన్యం వచ్చి సాయం చేస్తే గానీ గండ్లు పూడలేదు. కొండ, కాలువ, నది, ఊరు: ఈ నాలుగూ ఒకే చూపులో దొరికే చోటు ఖిల్లా. ఆ వరదలో మంచాల మీద, డాబాల మీద రోజులు గడిపిన కుటుంబం ఆ చోట ఒక్కసారైనా నిలబడాలి. మీ పాపకి ఆ రోజులు బాగా గుర్తుండే ఉంటాయి. భయంగా మిగిలిపోయినదాన్ని కారణంతో సహా చూస్తే ఆ భయం కొంత సర్దుకుంటుందని నా నమ్మకం.

ఎక్కేటప్పుడు కాళ్ళ కింద మట్టిని గమనించమనండి. మట్టి చాలా పల్చగా ఉంటుంది, చాలాచోట్ల రాయే బయటపడి ఉంటుంది. రాయి నీళ్ళని పీల్చుకోదు. రాలిన ఆకు, గడ్డి, వేళ్ళు పట్టి ఉంచిన ఆ కాస్త మట్టే వాన నీటిని నిదానంగా కిందికి వదులుతుంది. చెట్టు కొట్టేస్తే, గుట్టని గ్రావెల్ కోసం తవ్వేస్తే, అదే నీరు గంటల్లో వాగులోకి దూకుతుంది. ఈ అడవి అంచుల్లో గ్రావెల్ తవ్వకాల గొడవలు మీరు పేపర్లలో చదివే ఉంటారు. అది అటవీ శాఖకీ కాంట్రాక్టర్లకీ మధ్య వ్యవహారం అనుకుని మనం వదిలేస్తాం. కానీ ఆ గుట్టకీ మీ ఇంటి గడపకీ సంబంధం ఉంది.

అడవి విషయానికి వస్తాను, మీ నాలుగో ప్రశ్న అదే కదా. కొండపల్లి రిజర్వ్ ఫారెస్టు సుమారు 30,000 ఎకరాలు. ఇంత పెద్ద ఊరి పక్కన ఇంత అడవి మిగలడం మన అదృష్టం. చిరుత, అడవి పంది, నక్క, నెమలి, ముళ్ళపంది ఉన్న అడవి అది. కాబట్టి సొంతంగా దారి వదిలి లోపలికి వెళ్ళొద్దు, పిల్లలతో అసలే వద్దు. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళడం నేరం కూడా. జంతువుల కంటే అసలు ప్రమాదం దారి తప్పడం. వానాకాలం గడ్డి నడుమెత్తు పెరిగాక, గుట్టలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడులో అటవీ శాఖ సీతాకోకచిలుకల పార్కు ఉంది. పిల్లలకి అడవి రుచి చూపించడానికి అది సరైన చోటు. వానలు వెనకబట్టాక సీతాకోకచిలుకలు బాగా ఉంటాయి. అక్కడి నుంచి లోపలికి నడిచే బాటలకి అటవీ సిబ్బందిని అడిగి, వాళ్ళు చెప్పిన మేరకే వెళ్ళండి. ఇది ఖిల్లా రోజునే కలిపేసుకోకండి. వేరే ఆదివారం పెట్టుకోండి, రెండూ ఒకే రోజు అంటే పిల్లలకి రెండూ గుర్తుండవు.

అడవిలోకి వెళ్ళకపోయినా కాలిబాట పక్కనే బోలెడు కనిపిస్తుంది. సీతాఫలం, రేగు, తునికి, మోదుగ. దసరాకి సీతాఫలాలు కళ్ళు విడుస్తుంటాయి, కొండ కింద గంపల్లో అమ్ముతారు. అక్కడే కొనుక్కోండి, చెట్టు మీదవి పిల్లల చేత కోయించకండి, అవి ఏరుకుని బతికేవాళ్ళున్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేని కొమ్మలకి మోదుగ పూలు పూసినప్పుడు కొండ ఎర్రగా అవుతుంది, అది మరో అందం.

అయితే ఈ కొండకి పేరు తెచ్చిన చెట్టు ఒకటుంది, దాన్ని తప్పకుండా చూడాలి. తెల్ల పొణికి. కొండపల్లి బొమ్మలన్నీ దాంతోనే చేస్తారు. అంత పెద్ద చెట్టు కాదు. ఆకులు వెడల్పుగా ఉంటాయి, కింది వైపు తెల్లటి నూగు ఉంటుంది. మట్టి సరిగా లేని రాతి వాలు మీద పెరుగుతుంది. దాని కర్ర ఎంత తేలికంటే, ఆరిన దుంగని మీ బాబు కూడా ఎత్తగలడు. మెత్తగా ఉంటుంది, ఉలికి ఎదురు తిరగదు, ఆకురాయితో రుద్దితే నున్నగా వస్తుంది. కోట దగ్గర గానీ, ఘాట్ రోడ్డు పక్కన గానీ పనిచేసేవాళ్ళని అడిగితే చెట్టుని చూపిస్తారు. తెలిసినవాళ్ళు చూపించకపోతే వందసార్లు పక్కనుంచి నడిచినా పోల్చుకోలేరు.

ఈ చెట్టు తగ్గిపోయింది. గింజ పెంకు చాలా గట్టిది, నేల మీద పడ్డవాటిలో మొలకెత్తేవి తక్కువ. మొలిచినవాటిని మంటలు, మేకలు మిగలనివ్వవు. పెద్ద చెట్లని బొమ్మలకి కొడుతూ పోయాం, వాటి స్థానంలో అంత వేగంగా కొత్తవి రాలేదు. అందుకే కళాకారులు కర్ర కోసం దూరాలు వెతుక్కోవాల్సి వస్తోంది. నర్సరీల్లో పొణికి మొక్కలు పెంచి కొండల మీద నాటే ప్రయత్నాలు జరిగాయి, జరుగుతున్నాయి. ఇవి ఆగకూడదు. బొమ్మకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనన్న చట్టపరమైన ముద్ర వచ్చింది, సంతోషమే. కానీ చెట్టు లేకపోతే ఆ గుర్తింపు ఎవరికి? నన్నడిగితే కొండపల్లి బొమ్మల పరిశ్రమని కాపాడటం అంటే ముందు ఈ వాలు మీద పొణికిని కాపాడటం.

ఇప్పుడు కోట. దీన్ని 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో కట్టారని చెబుతారు. తర్వాత గజపతుల చేతికి వెళ్ళింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచాక ఈ కోట మీదికి వచ్చి ముట్టడించి పట్టుకున్నాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాం. 1766లో ఇంగ్లీషువాళ్ళు. ఉత్తర సర్కారుల్లో కొండపల్లి ఒక సర్కారు, అంటే అప్పట్లో ఇది జిల్లా కేంద్రం లాంటిది. బెజవాడ దీని ముందు చిన్న ఊరు.

ఇంతమంది ఈ గుట్ట కోసం ఎందుకు కొట్టుకున్నారో పిల్లల్ని పైనుంచి చూసి చెప్పమనండి. కోటకి రెండు ముఖ్యమైన ద్వారాలు. ఊరి వైపున్నది దర్గా దర్వాజా, కొండకి అటు చివర జగ్గయ్యపేట వైపు చూసేది గోల్కొండ దర్వాజా. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్ళే పాత బాట ఈ ప్రాంతం మీదుగానే పోయేది. వజ్రాలు, కలంకారీ బట్టలు, నీలిమందు, గుర్రాలు, ఫిరంగులు అన్నీ ఆ బాటలోనే. ఇప్పుడు మీరు కారులో వచ్చిన హైదరాబాద్ - మచిలీపట్నం హైవే దాదాపు ఆ బాట వెంటే నడుస్తోంది. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క కొండలు, మధ్యలో సన్నటి దారి. ఆ దారి మీద కన్ను వేసి కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. లారీలు బారులు తీరి పోతుంటాయి చూడండి, నాలుగైదు వందల ఏళ్ళ క్రితం అక్కడ ఎద్దుబండ్లు అలాగే పోయేవి.

దర్గా దర్వాజా దగ్గర కాసేపు ఆగండి. వరసగా మూడు ద్వారాలుంటాయి. ప్రధాన ద్వారాన్ని ఏకశిలతో కట్టారని చెబుతారు, 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. శత్రువు ఒక తలుపు విరగ్గొట్టినా ఇంకోటి ఉండేలా, మధ్యలో పైనుంచి దెబ్బ తీసేలా కట్టిన పద్ధతి అది. దర్గా దగ్గర చెప్పులు విప్పి, తలమీద గుడ్డ కప్పుకుని వెళ్ళండి. అన్ని మతాలవాళ్ళూ దండం పెట్టుకునే చోటు, అక్కడ గోల చేయకుండా పిల్లలకి ముందే చెప్పండి.

నాకు కోటలో అన్నిటికంటే నచ్చేవి నీటి ఏర్పాట్లు. కోటలోని రాజభవనం తానీషా మహల్‌కి వెళ్ళే దారిలో ఒక లోతైన కోనేరు ఉంది. ఊటనీళ్ళు దాంట్లోకి వస్తాయి. ఆ నీళ్ళు మరీ చల్లగా ఉండి తాగితే జ్వరం వస్తుందని పాతవాళ్ళు అనేవారు. ఇంకా కొన్ని కుంటలున్నాయి కానీ అవి ఎండాకాలం ఎండిపోతాయి. కొండ మీద సైన్యం నెలల తరబడి ముట్టడి తట్టుకోవాలంటే గోడ ఎంత లావున్నదన్నది రెండో విషయం, నీళ్ళెన్నాళ్ళు ఉంటాయన్నది మొదటిది. ప్రతి వాన చుక్కనీ పట్టుకోవడానికి ఎక్కడెక్కడ వాలు ఇచ్చారో, ఎక్కడ కట్ట కట్టారో చూడండి. అదే కొండ మీద వాళ్ళు నీటిని ఆపుకున్నారు, మనం దాన్ని ఊరి మీదకి వదులుకుంటున్నాం. గట్టు దగ్గరికి పిల్లల్ని వెళ్ళనివ్వకండి, వానాకాలం తర్వాత నీళ్ళు నిండుగా ఉంటాయి, అంచు జారుతుంది.

కోనేటి తర్వాత పాత ధాన్యాగారం శిథిలాలు, అందులో గబ్బిలాలు. లోపలికి దూరకండి, తలుపు దగ్గర్నుంచి చూస్తే చాలు. చివర రెండు గుట్టల మధ్య మెడ మీద తానీషా మహల్. కింద చిన్న గదులు, పైన పెద్ద హాలు. ఇంగ్లీషువాళ్ళ బ్యారక్‌లు, వాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. బ్యారక్‌లకి ఎక్కువ సేపు కేటాయించకండి.

రాయి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే దీని కోసం దేశంలోని భూగర్భ శాస్త్రవేత్తలు కొండపల్లి వస్తారు, మనకి మాత్రం తెలియదు. తూర్పు కనుమల్లో మామూలుగా కనిపించే చార్నొకైట్, ఖొండలైట్ రాళ్ళతో పాటు, ఇక్కడ పొరలు పొరలుగా పేరుకున్న అగ్నిశిలలున్నాయి. వంద కోట్ల ఏళ్ళకి ముందు, భూమి లోతుల్లో కరిగిన రాయి చాలా నిదానంగా చల్లారుతూ, బరువైన ఖనిజాలు కిందికి, తేలికవి పైకి సర్దుకున్నాయి. గాబ్రో, అనార్థొసైట్ అనే రాళ్ళు, వాటి మధ్య నల్లటి క్రోమైట్. స్టెయిన్‌లెస్ స్టీలుకి కావాల్సిన క్రోమియం వచ్చే ఖనిజం అది, ఒకప్పుడు ఈ కొండల్లో తవ్వారు కూడా. మీ పాప ఏడో తరగతి అయితే సైన్సు పుస్తకంలో అగ్నిశిల అనే మాట చదివి ఉంటుంది. నల్ల రాయి, తెల్ల రాయి పక్కపక్కనే ఉన్న చోట చూపించండి.

మోసుకెళ్ళాల్సినవి చాలా తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పైన దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. పులిహోర, పెరుగన్నం, ఉప్పు వేసిన మజ్జిగ. ఒక ఓఆర్ఎస్ పొట్లం. పిల్లలకి బూట్లు, ఫుల్ ప్యాంట్లు. ఆ గడ్డిలో రక్తపింజర ఉంటుంది. రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టనివ్వకండి. తిండి తీస్తే కోతులు వస్తాయి కాబట్టి సంచీ జిప్ వేసి ఉంచండి, చేత్తో ఏదీ అందివ్వకండి. ఎత్తైన రాళ్ళకి, పాత గోడలకి తేనెపట్లు ఉండొచ్చు. సెంటు కొట్టుకోకండి, పొగ పెట్టకండి, రాళ్ళు విసరనివ్వకండి. ఇవి చెప్పానని టెన్షన్ పడాల్సిన పని లేదు, దారి మీద నడిచేవాళ్ళకి ఇబ్బంది అరుదు. ప్లాస్టిక్ ఏదైనా తిరిగి కిందికే తెచ్చుకోండి. ఎండుగడ్డి రోజుల్లో అగ్గిపుల్ల, సిగరెట్ పీక ఒక్కటి చాలు గుట్ట మొత్తం అంటుకోవడానికి. అలా కాలిన ప్రతిసారీ పొణికి మొలకలు కూడా పోతాయి.

నాన్నగారి సంగతి. కారు ఆగిన చోట నుంచి కోట లోపల కూడా కొంత నడవాలి, మెట్లు ఎక్కాలి. ఆయన ఓపికని బట్టి ద్వారం దగ్గరే నీడలో కూర్చున్నా కొండల వరస బాగా కనిపిస్తుంది. ఒంటరిగా వదలకండి, మీరిద్దరూ వంతులు వేసుకోండి.

దిగాక నేరుగా ఇంటికి పోకండి. కింద బొమ్మల కాలనీకి వెళ్ళండి. ఈ పని చేసే ఆర్యక్షత్రియ కుటుంబాలు తరాల క్రితం రాజస్థాన్ వైపు నుంచి వచ్చాయని చెప్పుకుంటారు. షోకేసులున్న కొట్టు కాకుండా, పని జరుగుతున్న ఇంటి అరుగు వెతకండి. పచ్చి కర్రని సన్నటి సెగ మీద ఆరబెడతారు. కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద సుద్ద పూత, ఆ తర్వాత రంగులు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు. మీ ఇంట్లో దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెడితే పిల్లల చేత ఒక్కో బొమ్మ ఎంపిక చేయించండి. "ఇది పొణికేనా, ఈ కర్ర ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడిగి కొనండి. అడిగేవాళ్ళు ఎక్కువైతే సరైన కర్ర వాడేవాళ్ళకి విలువ పెరుగుతుంది. చేసిన మనిషి దగ్గర మరీ బేరమాడకండి, ఒక చిన్న బొమ్మ వెనక ఇంటిల్లిపాది పని ఉంటుంది.

ఇంకా పొద్దుంటే, పిల్లలకి ఓపిక ఉంటే, వెలగలేరు రెగ్యులేటర్ దాకా వెళ్ళి రండి. చూడటానికి మామూలు గేట్లే. కానీ పొద్దున పైనుంచి చూసిన నీటి దారిని దగ్గర నుంచి చూసినట్టవుతుంది. వానలు గట్టిగా కురుస్తున్న వారం అయితే మాత్రం అటు వెళ్ళొద్దు, ఖిల్లా కూడా ఆ వారం వాయిదా వేసుకోండి. అల్పపీడనం అని వాతావరణ శాఖ చెప్పిందంటే కాలిబాట వాగైపోతుంది. రెండు మూడు రోజులు గట్టి ఎండ కాశాక వెళ్తే రాయి ఆరి ఉంటుంది, పట్టు దొరుకుతుంది. దసరా సెలవుల్లో ఆదివారాలు రద్దీగా ఉంటాయి, మీకు వీలైతే మామూలు వారం మధ్యలో ఒక రోజు చూసుకోండి.